భోంగా బ్రేక్

మా అత్తమ్మ దృష్టిలో నాది ఉద్యోగం కాదు, ఫోన్ మాట్లాడే రోగం. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి నేను మరాఠీ సరిహద్దులో ఉన్న సాస్తి ఊళ్లో మా ఇంటి ముందుగదిలో కూర్చుని టెస్టింగ్ చేస్తాను. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకుంటాను. ఈ సంగతి విడమరిచి చెబితే ఆమె, "గా పని అత్తలందరు ఉత్తగనే చేస్తరు గద, నీకు జీతమెందుకిస్తరు?" అంది.

మా మేనేజరు సారుకు పని అంటే ప్రాణం, ముఖ్యంగా ఇతరుల పని. కంప్యూటర్‌లో మా పేర్ల పక్కన పచ్చ చుక్క వెలుగుతుంటే ఆయనకు కడుపు నిండేదని నేను అనుకునేదాన్ని. కాసేపు మౌస్ కదపకపోతే చుక్క పసుపుకు తిరిగేది. వెంటనే "అంతా ఓకేనా?" అని మెసేజ్ వచ్చేది. అది చాలదన్నట్టు సరిగ్గా అన్నం వేళకు రోజూ ఒక మీటింగ్ పెట్టారు. దాని పేరు క్విక్ కాల్. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో అందులో క్విక్ అంత. నేను కెమెరా ముందు నవ్వుతూ కూర్చుంటే వంటింట్లో నా జొన్నరొట్టె గట్టిపడిపోయేది.

మా ఊరి పక్కనే బొగ్గు గని. మధ్యాహ్నం బండను పేల్చే ముందు సైరన్ మోగుతుంది, దాన్ని ఇక్కడ అందరూ భోంగా అంటారు. పేలుడు అయ్యాక మరోసారి మోగుతుంది. గని అంచున ఉన్నవాళ్లు దూరం జరగాలి గానీ, మా ఇల్లు ఆ హద్దుకు చాలా ఇవతల. కిటికీ రెక్కలు గడగడమంటాయి, అంతే. ఆ మోతకు మా అత్తమ్మ నిద్రలో పక్కకు కూడా తిరగదు.

ఒకరోజు కాల్ మధ్యలో భోంగా మోగింది. "ఏమిటండీ ఆ శబ్దం?" అని సారు అడిగారు. ఆకలి రుచెరుగదంటారు, అది నిజం కూడా ఎరగదని నాకు ఆరోజే తెలిసింది. "బ్లాస్టింగ్ సార్. రెండో భోంగా మోగేదాకా కాలనీ వాళ్లంతా బయట నిలబడాలి, రూల్" అన్నాను.

సారు కాసేపు నా ముఖం చూశారు. "సేఫ్టీ ముఖ్యం కదండీ. వెళ్లండి" అన్నారు. ఆ పది నిమిషాల్లో తొక్కు పచ్చడి వేసుకుని రెండు రొట్టెలు తిన్నాను. అంత రుచైన అన్నం వేళ నేనెరగను.

మర్నాడు ఆయనే, ఒకరి కోసం అందరం ఎదురుచూసే బదులు అందరికీ విరామం ఇచ్చేద్దామన్నారు. క్యాలెండర్‌లో దానికి భోంగా బ్రేక్ అని పేరు పెట్టారు. బెంగళూరులో ఉండే ఒకతను అప్పుడు కునుకు తీసేవాడు, ఒక అమ్మాయి కుక్కను తిప్పుకొచ్చేది. గనికి సెలవైన రోజు కూడా మా ఇంట్లో భోంగా మోగేది, ఎందుకంటే నేను దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాను.

ఎండాకాలం నడుమ కంపెనీ అందరినీ ఆఫీసుకు రమ్మంది. ఇంటి నుంచి పని ఎవరికి ఉంచాలో మేనేజర్లే తేలుస్తారట. మా ఆయన ఉద్యోగం ఇక్కడి గనిలో. నేను హైదరాబాద్ వెళ్లడమంటే పని మానుకోవడమే. ఆ పని నాకు ఇష్టం. అది పోతుందేమోనని రెండు రోజులు అన్నం సహించలేదు. సరిగ్గా అప్పుడే సారు ఫోన్ చేశారు. "ఫ్యామిలీతో మీ దగ్గరి తాడోబా పులుల అడవికి వస్తున్నాం. శనివారం మధ్యాహ్నం మీ ఇంటికి వచ్చి మీ విషయం మాట్లాడతాను."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పరుగెత్తాను. అత్తమ్మకు అబద్ధం మొత్తం విప్పి చెప్పాను.

"గింతేనా?" అంది. "భోంగా కాంగనే బయటికి పోవాలె, గంతే గద."

శనివారం సారు ఒక్కరే వచ్చారు. పులి కనబడలేదట, పిల్లలు అలిగి హోటల్లో పడుకున్నారట. మామిడికాయ పప్పుతో రెండోసారి అన్నం కలుపుకుంటుండగా భోంగా మోగింది. తినే మనిషిని లేపలేక నేను వినబడనట్టు మజ్జిగ పోయబోయాను. ఆయన ఎంగిలి చేత్తోనే లేచారు.

"పదండి, రూల్ కదా."

బయట మే నెల ఎండ. అత్తమ్మ నెత్తిన తడి తువ్వాల వేసుకుని, "నడువుండ్రి, నడువుండ్రి" అంటూ స్టూలు తెచ్చి వీధిలో వేసుకుని కూర్చుంది. ఏనాడూ కదలని మనిషి ఎండలో కూర్చునేసరికి ఎదురింటి మరాఠీ ఆవిడ తలుపు తీసి, "కాయ్ ఝాలం?" అని కంగారుగా అడిగింది. ఏమైందో అత్తమ్మ ఆవిడకు మరాఠీలోనూ, వీధికంతా వినబడేలా తెలుగులోనూ నిబ్బరంగా చెప్పింది. "ఏమో, ఇయ్యాల పెద్దదట."

ఆ మాట చాలు. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. సగం తిన్న కంచాలతో, చంకన పిల్లలతో వీధి వీధంతా బయటికొచ్చింది. ఒకాయన గ్యాస్ సిలిండరు కూడా మోసుకొచ్చాడు. నా అబద్ధం నా కళ్ల ముందే ఊరి రూలైపోయింది. నాకు నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చాయి. కిటికీలు ఎప్పటిలాగే గడగడమన్నాయి. రెండో భోంగా మోగింది. సిలిండరాయన మా అత్తమ్మ వైపు గుర్రుగా చూసి లోపలికి పోయాడు.

సారు మళ్లీ కంచం ముందు కూర్చున్నారు. ఈసారి ఆయన నోట నేనెన్నడూ వినని మాటతీరు వచ్చింది.

"అమ్మా, తొక్కు ఇంకింత ఎయ్యుండ్రి. మాది గోదావరిఖని. మా బాపు గనిల బ్లాస్టింగ్ చేసేటోడు. భోంగాకు మేం ఒక్కనాడు బయటికి రాలె."

నేను తొక్కు గిన్నె ఆయన ముందుకు జరిపాను.

"మరి గిన్నొద్దులు ఎందుకు చెప్పలే, బిడ్డా?" అంది అత్తమ్మ.

"నాకు షుగరమ్మా, యాళ్లకు తినాలె. గా కాల్ పెట్టుమన్నది మా పై సారు. నా పేరు పక్కన సుత చుక్క ఉంటది. జర ఆగుదామనేతందుకు నాకు ధైర్యం లేకుండె. నీ కోడలు భోంగా ఊదింది." నా వైపు తిరిగారు. "నువ్వు ఈడనే ఉండి పని చెయ్యి చెల్లె, నేను రాసిస్త. కాని పండుగనాడు గని నడుస్తదా? గా రికార్డు జర చూసి పెట్టు."

నేను సిగ్గుపడుతూ మజ్జిగ గిన్నె అందుకున్నాను. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. శనివారం అయినా పై సారే. ఆయన ఎడమ చేత్తో ఫోన్ తీసి, మళ్లీ ఆఫీసు తెలుగులోకి వచ్చారు.

"సార్, ఇక్కడ బ్లాస్టింగ్ అండి. రెండో భోంగా మోగేదాకా బయటే నిలబడాలి, రూల్."

ఫోన్ బోర్లా పెట్టి, మజ్జిగ పొయ్యమని నాకు సైగ చేశారు.