చిల్లుల వలలో చందా

చిరిగిన వల కనబడితే జాన్‌బాబు కారు ఆపేస్తాడు. వెనక సీట్లో అరబ్బు యజమానురాలు, మామా, ఉన్నా సరే, ఆవిడ నడిచే నగల దుకాణంలా పెళ్ళికి బయల్దేరినా సరే. ఆ గల్ఫ్ దేశంలోని ఫహాహీల్ రేవులో జాలర్లు పారేసిన వలలు, సులైబియా తోటల్లో పాతబడ్డ నీడవలలు, అన్నీ డిక్కీలోకి ఎక్కాల్సిందే. ఇంటి పెరట్లో పిల్లల ఫుట్‌బాల్ గోలు వలకేసి అతను చూసే చూపుకి జ్ఞానమ్మకు ఒళ్ళు మండేది.

"కళ్ళు తిప్పుకో! అదింకా చిరగలేదు."

"చిరిగాక చెప్తారాండీ?"

జ్ఞానమ్మ ఆ ఇంటి వంటమనిషి, అతను డ్రైవరు. ఇద్దరివీ ఒకే గోదావరి కాలవ మీది ఊళ్ళు. అతనిది ఎగువ, ఆవిడది శివారు. ఆవిడ చదివింది రెండో తరగతి. ఎదుటివాణ్ణి కడిగెయ్యడానికి అదే ఎక్కువ.

వలలెందుకయ్యా అంటే ఒకటే పాట: "కాలవకి అడ్డంగా కడతామండి. చేప పోవాలి, చెత్త ఆగాలి."

వెదురు గడలకూ కూలికీ చందా కావాలిగా! అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి, ఆ రోజు ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మంలో వలే పట్టుకు నిలబడేవాడు. వేసిన చిల్లర వేసినట్టే కన్నాల్లోంచి నేలమీద రాలేది.

"సంచీ దొరకలేదా నీకు?" అంది జ్ఞానమ్మ.

"చిల్లర జారిపోతే సిగ్గుపడి నోట్లు వేస్తారండి."

వేశారు కూడా. జ్ఞానమ్మ మాత్రం మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ వేసవి ఊళ్ళో కాలవ కట్టేశారు. మళ్ళీ నీళ్ళు వదిలేలోపే గడలు పాతాలి, వలలు కట్టాలి. లేదంటే ఏడాది ఆగాలి. జాన్‌బాబు వలల పెట్టె మోసుకెళితే కార్గో కొట్టు నూర్ బాషా, కడప మనిషి, ముక్కు మూసుకున్నాడు.

"ఏంది సామీ, తిమింగలాన్ని చంపి తెచ్చినావా? అందరి దుప్పట్లూ కంపు కొడతాయి. ఎక్కించేది ల్యా!"

పక్కనే ఊరికి పంపే సబ్బుల పెట్టెతో జ్ఞానమ్మ. జాన్‌బాబు తన పెట్టెమీద చతికిలబడ్డాడు. మాట్లాడని జాన్‌బాబును ఆవిడ అదే మొదటిసారి చూడటం, భరించలేకపోయింది.

"ఆ మొహమేంటయ్యా, తే ఇలా!" తన టాంగు పొడి డబ్బాలు, దుప్పటీ బయటికి లాగి, సబ్బుల మధ్య వలలు కుక్కింది. "నా సబ్బులు కంపుకొట్టాయా, నిన్నూ ఇందులో చుట్టి పంపిస్తా!"

కాలవకు నీళ్ళొచ్చాక చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, నీ వలలు మనూరి మలుపులో కట్టారే! గుర్రపుడెక్కా, ప్లాస్టిక్కూ అక్కడే ఆగిపోతన్నాయి. కుర్రాళ్ళు లాగి పారేస్తన్నారు. చేపపిల్లలు మళ్ళీ తిరుగుతన్నాయే! నీ పేరున బోర్డు పెట్టారు."

"నా వలలేంటే?"

"పెట్టెమీద నీ పేరేగా! జాన్‌బాబు కూడా ఫోన్లో ఆవిడే పంపిందన్నాడు."

జ్ఞానమ్మ గరిటెతో సహా కారు దగ్గరికి పరిగెత్తింది. "నీ ఊరు వదిలేసి నా ఊరికెందుకయ్యా?"

"చెత్తంతా కొట్టుకొచ్చేది మీ శివారుకే కదండీ. మీ అమ్మగారి బిందెలోకి షాంపూ పొట్లాలొస్తున్నాయని ఒకసారి ఏడిచారు. ఉల్లిపాయల ఘాటన్నారు." తల గోక్కున్నాడు. "ఆరోజు మీరు కోసింది బెండకాయలండి."

జ్ఞానమ్మ గరిటె దించి లోపలికి పోయింది.

మర్నాడు పిల్లలు బంతి తెచ్చేసరికి గోలుకి వల లేదు.

"యా జ్ఞానా, వల ఏదీ?" అంది మామా.

"ఖలాస్ మామా. చిరిగిపోయింది."

"నిన్న బాగానే ఉందిగా! ఎక్కడ చిరిగింది?"

జ్ఞానమ్మ ఊరికి పంపబోయే కొత్త సబ్బుల పెట్టె మూత గట్టిగా నొక్కింది.

"రేపు చిరుగుద్ది మామా, ఇన్షా అల్లా."