తెల్ల గీత లేని బోల్టులు

మా మానుకోటలో బండ్లు బాగుచేసే మేస్త్రీ సాబ్ పోయిన శుక్రవారం చనిపోయారు. గుండె ఆగిందట. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. ఇంక నాకు నిజం ఎవరు చెప్తారు అనిపించింది.

ఏడాది కింద నా కొడుకు బయ్యారం రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. వాళ్ల నాయిన నడిపిన పాత బండిని మళ్లీ తయారు చేస్తానని అంతకు ముందు ఆరు నెలలు తిరిగాడు. సాయంత్రాలు మేస్త్రీ సాబ్ దుకాణంలోనే ఆ పని. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఇనుప కాళ్లను ఫోర్కు అంటారు. పాతది సన్నగా ఉందని, వేరే బండిది లావుది జనగామ నుంచి తెచ్చాడు.

"అమ్మా, గిది పెడితె గుంతలల్ల గూడ మెత్తగ పోతది. నిన్ను కాళేశ్వరం తీస్కపోత" అన్నాడు.

అది బిగించిన మూడో రోజే మలుపులో హ్యాండిల్ ఒకవైపు, చక్రం ఒకవైపు తిరిగాయి. ఫోర్కు బోల్టులు వదులయ్యాయని పోలీస్ స్టేషన్‌లో చెప్పారు.

"సొంతంగ బిగించుకున్నడేమో. పోరనికి ఏం తెలుసు?" అని చావు ఇంట్లోనే ఎవరో అన్నారు. మేస్త్రీ సాబ్ లేచి నిలబడ్డారు. "పోరడు కాదు. నేనే బిగించిన" అన్నారు.

ఆ రోజు నుంచి నేను ఆయన్ని తిట్టని తిట్టు లేదు. దుకాణం ముందు నిలబడి దుమ్మెత్తి పోసేదాన్ని. ఆయన పానా కింద పెట్టి వినేవారు. నేను అలసిపోతే స్టూలు జరిపేవారు.

"కూసో చెల్లె. చాయ్ తాగి మళ్ల తిట్టు."

అక్కడే నాకు అనుమానం పుట్టింది. తప్పు చేసిన మనిషి ఇంత నెమ్మదిగా ఉంటాడా? ఆయన పని చూడటానికే రోజూ వెళ్లి కూర్చున్నాను. చాలా నిదానం. ఎవరైనా తొందరపెడితే, "జర ఆగు భయ్, బండికి నోరుంటే నిన్నే దిగుమంటది" అనేవారు. ఏ బోల్టు బిగించినా, దాని మీద నుంచి పక్క ఇనుము మీదికి తెల్ల రంగుతో సన్న గీత గీసేవారు.

"ఏందన్నా గది?"

"బోల్టు కదిలితె గీత తెగుతది. తెగిందంటె మళ్ల బిగించాలె."

మర్నాడే స్టేషన్‌కు వెళ్లాను. వెనకాల తుప్పు పడుతున్న బండిని కొంగుతో తుడిచి చూశాను. వెనక చక్రం బోల్టుకు గీత ఉంది. ఫోర్కు బోల్టులకు ఒక్కదానికీ లేదు.

"నువ్వు బిగియ్యలే గదా అన్నా?"

"నేనే బిగించిన."

"మరి గీత ఏది?"

"తొందర్ల మర్సిన."

"నీకు తొందర ఎక్కడిదన్నా?"

ఆయన నవ్వలేదు. చేతులు కడుక్కునే నెపంతో లేచి వెళ్లారు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా మాట మార్చలేదు.

శుక్రవారం మట్టి అయ్యాక ఆయన భార్య పక్కన కూర్చున్నాను. అడగకూడని వేళ. అయినా అడిగాను.

"అక్కా, ఆ ఫోర్కు అన్ననే బిగించిండా?"

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆ వారమంత మేం భూపాలపల్లిల బిడ్డ కాన్పు కాడ ఉన్నం. దుకాణం తాళం నీ కొడుకుకే ఇచ్చిండు. నేనొచ్చేదాంక ఆగు బేటా అన్నడు. ఆగలే."

నేను ఆమెనూ నమ్మలేదు. తప్పటడుగులు వేస్తూ తిరుగుతున్న ఆమె మనవడి వయసు అడిగాను. ఏడాది. సరిపోయింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నేను గూడ అడిగిన. తిట్టనీ, నన్ను తిట్టినంత సేపు కొడుకును తిట్టదు అన్నడు."

నా మాట విని చాలామంది ఆయన దగ్గరికి బండి తేవడం మానేశారు. వాళ్లు చదవాలనే ఇది రాస్తున్నాను. ఫోర్కు బిగించింది నా కొడుకు. ఒక్కడే, తొందరలో. మేస్త్రీ సాబ్ దాని మీద చెయ్యే పెట్టలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

నిన్న దుకాణం ముందు నుంచి వెళ్తుంటే, పొరుగూరి మనిషి ఒకాయన బండి నెట్టుకుంటూ వచ్చి, మూసిన షట్టర్ తట్టాడు.

"మేస్త్రీ లేడా అమ్మా? ఎప్పుడొస్తడు?"

ఆయన బండిని నీడలో ఆపి, గడప మీద కూర్చుని తువ్వాలతో చెమట తుడుచుకున్నాడు. కొంచెం ఎడంగా నేనూ కూర్చున్నాను.