దక్షిణపు గోడ దగ్గర ఒస్మో

మా ఒస్మోకి కెమెరా ఉండేది గాని, అందులో మనుషులకు చోటుండేది కాదు. చూరు నుంచి జారే మొదటి నీటిచుక్క, చలినిద్ర లేచిన మొదటి ఈగ, చెట్టు మొదట్లో మంచు తొలిగి కనబడ్డ బెత్తెడు నేల, ఇలా వసంతం వస్తోందని చెప్పే గుర్తులే అతని కెమెరాకి ఎక్కేవి. ఆ గుర్తును ఫొటో తీస్తే తప్ప అది వచ్చినట్టు ఒప్పుకునేవాడు కాదు. ఊరంతా కోట్లు విప్పేసి పడవలకు తారు పూస్తున్నా సరే, ఫొటో పడకపోతే అతని లెక్కలో అది చలికాలమే. చెవులు కప్పే బొచ్చు టోపీ నెత్తిమీంచి దిగేది కాదు. అడిగితే ఒకటే మాట: "సాక్ష్యం ఏదీ?"

అతని గురించి చెప్పే అర్హత నాకుంది. ఊరి బళ్లో ఆరేళ్లు ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. లెక్కల్లో నాకు పదికి తొమ్మిది. ఆ తర్వాత ముప్పై ఒక్క వేసవులు నదిలో దుంగలు నడిపాను. ఒక్కసారే నీళ్లలో పడ్డాను, అదీ పక్కవాడి తప్పు. సరస్సు మంచుకు బెజ్జం కొట్టి చేపలు పట్టే పోటీలో మూడుసార్లు గెలిచాను. ఊరి సంఘానికి పద్దెనిమిదేళ్లు అధ్యక్షుణ్ణి. విల్హో అంటే ఈ సరస్సు చుట్టూ తెలియనివాళ్లు లేరు. జీవితంలో లోటంటూ ఉంటే అది ఒక్కటే.

ఏటా ఏప్రిల్లో మా జిల్లా పత్రిక మొదటి పేజీలో, అందరికంటే ముందు పూసిన లెస్కెన్‌లెహ్తి ఫొటో వేస్తారు. చొక్కా గుండీ అంత పసుపు పువ్వు అది. ఆకులింకా రాకముందే, మంచు పక్కన బురదలోంచి ఒంటరిగా తల ఎత్తుతుంది. ఫొటో కింద అది పూసిన ఇంటివాళ్ల పేరు, తీసినవాళ్ల పేరు ఉంటాయి. మా ఆవిడ సైమా ప్రతి ఏడూ ఆ పేజీ చదివి మడిచి పెడుతూ, వచ్చే ఏడు మన గోడ దగ్గరే చూడు, అనేది. నలభై రెండేళ్ల కాపురంలో నలభై రెండుసార్లు అంది. ఒక్కసారీ జరగలేదు.

ఒస్మో ముప్పై ఏళ్లు రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. పెళ్లి చేసుకోలేదేమని అడిగితే, మంచుతో చేసిన కాపురం చాలదా అనేవాడు. ఉద్యోగం దిగిన మర్నాడే కెమెరా కొన్నాడు. ఊళ్లో వేరే కెమెరా లేదు గనక పెళ్లిళ్లకూ పేరంటాలకూ అతన్నే పిలిచేవాళ్లం. అదే మా పొరపాటు. మా బడి టీచరమ్మ తాయిమిగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి ఊరంతా వరసగా నిలబడితే, ఆవిడ వెనక చూరుకి వేలాడే మంచుమేకు కొసన వణుకుతున్న చుక్కను తీశాడు. చుక్క అద్భుతంగా వచ్చింది. టీచరమ్మ చెవి ఒకటి వచ్చింది.

మా నలభయ్యో పెళ్లిరోజుకి సైమా కొత్త గౌను కుట్టించుకుంది. ఒస్మో అరగంట అటూ ఇటూ తిరిగి ఒకే ఒక్క ఫొటో తీశాడు. కిటికీ అద్దం మీద ఈగ.

"చూడు విల్హో, ఈ ఏటి మొదటి ఈగ. రెక్కల్లో నరాలు కూడా కనబడుతున్నాయి."

నిజమే, కనబడుతున్నాయి. అంచున నా ముక్కు, మసగ్గా సైమా చెయ్యి, ఆ చేతిలో కాఫీ కూజా. సైమా కడుపుబ్బ నవ్వి, దానికి చట్రం కట్టించి గోడకు తగిలించింది.

తర్వాత రెండేళ్లకు, అక్టోబరులో, సైమా పోయింది. అప్పటికే నేల గడ్డకట్టింది. ఆవిడ పోయాక పెద్ద పొయ్యి వెలిగించడం మానేశాను. ఒక్క మనిషికి అంత వేడి దేనికి? వంటింట్లో బల్ల మీద కోటుతోనే పడుకునేవాణ్ణి. రై రొట్టె, ఉప్పు చేప, మళ్లీ రై రొట్టె. గడప ముందు మంచు మోకాలు దాటినా పార ముట్టలేదు. ఎవరొస్తారని తొయ్యాలి? ఈ చలికాలం అవతలి ఒడ్డు చూడాలన్న పట్టుదల కూడా నాలో లేదు. మూడుసార్లు పోటీ గెలిచినవాణ్ణి, నిజం చెప్పుకోవాలి కదా.

నవంబరులో ఒకనాడు పొద్దున పదింటికి బయట అలికిడైంది. ఒస్మో. కాలితో తన్నుకుంటూ నడిపే జారుడు బండి మీద వచ్చాడు. ఉన్ని మేజోడులో చుట్టిన కెమెరాను కోటు లోపల, పసిబిడ్డను పెట్టుకున్నట్టు పెట్టుకున్నాడు. నన్ను పలకరించలేదు. నడుం లోతు మంచులో దిగబడుతూ వెళ్లి, ఎండ బాగా పడే నా దక్షిణపు గోడను కర్రతో తట్టి చూశాడు.

"ఈ జిల్లా మొత్తంలో ఇంతకన్నా మంచి గోడ లేదు విల్హో. ఈసారి మొదటి పువ్వు ఇక్కడే."

"ఇది నవంబరురా."

"వేరు ఇప్పుడే నిర్ణయించుకుంటుంది."

ఆపైన షరతులు మొదలయ్యాయి. ఆ గోడకు ఆనుకునే లోపల పెద్ద పొయ్యి ఉంది గనక రోజూ ఎనిమిదింటికల్లా అది వెలగాలి, లేకపోతే వేరు చచ్చిపోతుంది. గడప నుంచి గోడదాకా రోజూ మంచు తొయ్యాలి, లేకపోతే ఎండ తగలదు. శనివారం శనివారం ఆవిరి స్నానపు గది సౌనాను వేడి చెయ్యాలి, ఎందుకంటే సౌనా బూడిదంత బలం ఇంకే బూడిదకూ లేదు. పొయ్యి ఎలాగూ వేడెక్కింది కాబట్టి స్నానం కూడా చేస్తే తప్పు లేదు.

రోజూ పదింటికి వచ్చి, గోడకేసి గురిపెట్టి ఒక్కటి నొక్కి, "ఇంకా సాక్ష్యం లేదు" అనేవాడు. చలిలోంచి లోపలికొస్తే కెమెరా అద్దానికి చెమ్మ పట్టేది. అది ఆరేదాకా కూర్చోవాలి గదా. ఊరికే కూర్చోలేం గనక కాఫీ కావాలి. యాలకుల బన్ను కాల్చిన ఇంట్లో అద్దం త్వరగా ఆరుతుందని ఒకరోజు చెప్పాడు. నేను సైమా వంటల పుస్తకం తీశాను. మొదటి బన్ను రాయి. ఒస్మో తిన్నాడు. పన్ను ఒకటి కదిలిందని వారం తర్వాత చెప్పాడు.

ఆ నాలుగు నెలలూ నాకు ఒకటే ధ్యాస. పత్రికలో నా గోడ. సైమా మాట నెగ్గాలి.

మార్చిలో ఒస్మో తన ఇంటి చూరు నుంచి కారే చుక్కకు గురి చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి మెట్లు మర్చిపోయాడు. ఆసుపత్రిలో కాలికి తొడదాకా కట్టు వేసి పంపారు. చూడ్డానికి వెళితే, మంచం మీద బొచ్చు టోపీతోనే ఉన్నాడు. కెమెరా నా చేతిలో పెట్టాడు.

"వెనక మూత మాత్రం తెరవకు. వెలుగు సోకితే సర్వనాశనం. నీ గోడ దగ్గర ఒకటి నొక్కు, తావ్నో గోడ దగ్గర ఒకటి, టీచరమ్మ గోడ దగ్గర ఒకటి. కాఫీ ఇస్తే కాదనకు."

"మంచి గోడ నాదే అన్నావుగా. వాళ్లవెందుకు?"

"పోల్చి చూసుకోవద్దూ."

తావ్నో ఒకప్పుడు మా సరస్సు మీద బల్లకట్టు నడిపినవాడు, ఏడాదికి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అతని ఇంటికి వెళితే గడప నుంచి గోడదాకా తాడు పట్టి గీసినట్టు మంచు తోసి ఉంది. పొయ్యి గనగనలాడుతోంది. బల్ల మీద బన్ను. "జిల్లాలో ఇంతకన్నా మంచి గోడ లేదట" అన్నాడు తావ్నో గర్వంగా. ఆ ఏటి మాటల్లో సగం అక్కడే ఖర్చుపెట్టేశాడు. నేను పాపం అనుకున్నాను. అసలు గోడ ఎవరిదో అతనికేం తెలుసు.

టీచరమ్మ ఇంట్లోనూ అంతే. దారి, పొయ్యి, బన్ను. అలా రెండు వారాలు ముగ్గురి గోడల దగ్గరా నొక్కుతూ వచ్చాను. ఒకరోజు టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని నన్ను చూసింది.

"ఇది ఎన్నో ఫొటో విల్హో?"

"నేను తీసినవే నలభై మూడు టీచరమ్మగారూ."

"ఫిల్ముకి ఎన్ని పడతాయి?"

"ముప్పై ఆరు."

ఆవిడ చూపుడువేలు ఎత్తింది, బళ్లో ఎత్తినట్టే. "నీకు లెక్కల్లో తొమ్మిది వేసింది నేనే కదా. ఇవాళ ఒకటి తగ్గిస్తున్నాను."

కెమెరా తీసుకుని వెనక మూత తెరిచేసింది. లోపల మేజోడు తాలూకు ఉన్నిపోగు ఒకటి ఉంది. ఇంకేమీ లేదు. ఏప్రిల్ వస్తే గాని ఒస్మో ఫిల్ము వెయ్యడనీ, నవంబరు నుంచి అంతా ఖాళీ డబ్బాయేననీ ఆవిడకు నాలుగేళ్లుగా తెలుసట. తావ్నోకి రెండేళ్లుగా తెలుసట. తెలియనిది సంఘం అధ్యక్షుడికే.

"మరి తెలిసీ ఎందుకూరుకున్నారు?"

"ఎనభయ్యేళ్లొచ్చాక, పొద్దున్నే పొయ్యి వెలిగించడానికి ఎవరో ఒకరు కారణం చెప్పాలి నాయనా. అతనితో అనకు. నొచ్చుకుంటాడు."

ఇంటికి వెళ్లే దారిలో ముందు కోపమొచ్చింది. నన్నా, ఖాళీ డబ్బాతోనా? మలుపు తిరిగేసరికి నా ఇంటి పొగగొట్టంలోంచి నిటారుగా పొగ లేస్తూ కనబడింది. మంచు బండి నడిపిన ముప్పై ఏళ్లూ ఒస్మో రోడ్డు కన్నా పొగగొట్టాలనే ఎక్కువ చూశాడని అప్పుడు తట్టింది. అక్టోబరులో నాదొక్కటే ఆరిపోయింది. అక్కడే నిలబడి ఆ పొగను చాలాసేపు చూశాను. నవంబరు నుంచి ఒక్క పొద్దూ తప్పలేదు.

ఒస్మోతో ఏమీ అనలేదు. సహకార దుకాణంలో అసలు ఫిల్ము కొని టీచరమ్మ చేత వేయించుకున్నాను. ఒస్మో మంచం దిగలేడు గనక, అతని పొయ్యి కూడా రోజూ ఎనిమిదింటికల్లా నేనే వెలిగించాను. గోడ ముందు మంచు తోశాను. బూడిద అక్కడే పోశాను, ఇంకెక్కడ పొయ్యాలో తెలియక.

ఏప్రిల్ పదిహేడున నా గోడ దగ్గర బురద ఉంది. టీచరమ్మ గోడ దగ్గర బురద ఉంది. తావ్నో గోడ దగ్గర తావ్నో ఉన్నాడు. కాఫీ పట్టుకుని ఒస్మో ఇంటికి వెళితే, అతనెప్పుడూ ఒక్క చూపైనా చూడని అతని దక్షిణపు గోడ కింద, నేను పోసిన బూడిద అంచున, పసుపు గుండీ ఒకటి.

ఒస్మో చెప్పిన శాస్త్రమంతా నిజమన్నమాట. అది అతనికి కూడా తెలియదు.

జారుడు బండి మీద కూర్చోబెట్టి బయటికి తీసుకొచ్చాను. కట్టు కాలు చాచుకుని, పువ్వు మీదికి వంగాడు. నేను గురిపెట్టాను.

"ఫిల్ము వేశావా?" అన్నాడు మెల్లిగా.

"వేశాను."

నా వంక ఒకసారి చూశాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పత్రిక మొదటి పేజీలో పడింది. ఇల్లు ఒస్మోది, ఫొటో విల్హోది. పువ్వు రేకులు లెక్కపెట్టుకోవచ్చు. అంచున ఒస్మో చెవి ఒకటి వచ్చింది. ఈగ ఫొటో పక్కనే దాన్నీ తగిలించాను. గోడ మనది కాదు గాని పేరు మనదే సైమా, అని చెప్పాను.

మళ్లీ నవంబరు వచ్చింది. ఒస్మో కాలు బాగుపడింది. అతను గోడలన్నీ చుట్టి రావడానికి బయల్దేరకముందే, తొమ్మిదింటికి, నేను కొన్న పాత కెమెరాను మేజోడులో చుట్టుకుని అతని ఇంటికి వెళ్లాను. దక్షిణపు గోడను కర్రతో తట్టాను.

"ఈ జిల్లాలో ఇంతకన్నా మంచి గోడ లేదు ఒస్మో. పొయ్యి ఎనిమిదింటికల్లా వెలగాలి."

"ఇది నవంబరురా."

"వేరు ఇప్పుడే నిర్ణయించుకుంటుంది."

అతను లోపలికెళ్లి తన కెమెరా తెచ్చాడు. మంచులో పక్కపక్కన నిలబడి, ఇద్దరం గోడకేసి చెరొకటి నొక్కాం. రెండింట్లోనూ ఫిల్ము లేదు.

"సాక్ష్యం?" అన్నాను.

"ఇంకా లేదు. కాఫీ పెట్టాను, రా."