బొమ్మ గీకేసిన క్యాను

పుంగనూరు దగ్గర పాల డెయిరీలో క్యాన్లు కడిగే గోవిందమ్మ, ఎవరైనా చెంబెత్తి నీళ్లు తాగితే చాలు, గుటక చప్పుడు వినలేక ముఖం తిప్పుకునేది.

తనతో పాటు క్యాన్లు కడిగిన సరళ అలాంటి గుటకతోనే పోయింది. ఇద్దరిదీ ఒకే ఊరు, వచ్చేదీ ఒకే ఆటోలో. తన సంగటిముద్దలో సగం తుంచి, పప్పు పోసి, గోవిందమ్మ ముందు పెట్టాకే సరళ తినేది.

పోయిన ఏడు ఆయుధపూజకి మిషన్లు, క్యాన్లు అన్నీ తోమి బొట్లు పెడుతున్నారు. పైపులు కడిగే కాస్టిక్ అనే ఒళ్లు కాల్చే మందునీళ్ల క్యాను మీద, చుక్కలు పడి చెయ్యి కరిగిపోతున్న హెచ్చరిక బొమ్మ ఉంది.

"పండగ పూట ఈ పాడుబొమ్మేందక్కా, అశుభం" అని సరళ పీచుతో గీకేసింది. ఆ చోట కుంకుమ అద్దింది గోవిందమ్మే. ఎంత కళగా ఉండాదో అనుకుంది కూడా.

బొట్లు పెట్టుకున్న క్యాన్లన్నీ ఒకేలా ఉన్నాయి. మరునాడు ఆ మందు క్యాను తాగేనీళ్ల వరసలో చేరిపోయింది. ఆ మందుకి రంగు లేదు, వాసన లేదు. సరళ చెంబు నింపుకుని, ఎంగిలి కాకుండా పైకెత్తి గొంతులో పోసుకుంది. పెదవికి తగిలుంటే ఉమ్మేసేదేమో.

కుప్పం ఆసుపత్రిలో మాట పడిపోయిన సరళ, గోవిందమ్మ చెయ్యి పట్టుకుని చెంబెత్తినట్టు సైగ చేసింది. నువ్వు తాగలేదు కదా అని. తెల్లారేసరికి లేదు.

ఈ ఏడు మళ్లీ పండగొచ్చింది. మదనపల్లె నుంచి కొత్తగా చేరిన జాహ్నవి పీచు పట్టుకుని ఆ మందు క్యాను ముందు కూర్చుంది.

"పండగ పూట ఈ పాడుబొమ్మేంది పెద్దమ్మా, అశుభం!"

అదే మాట. గొంతు కూడా సరళదే అనిపించింది గోవిందమ్మకి. ఉరికి పోయి పీచు లాక్కుంది.

సూపర్‌వైజరు జనార్దన్ నవ్వాడు. "యాల గోవిందమ్మా అంత భయం? అందరికీ మీటింగు పెట్టి చెప్పినాం కదా."

"ఇంగ్లీషులో చెప్తివి నాయనా. ఈ పాప నిద్ర పోతాండె."

"నేనేం నిద్ర పోలేదు! అర్థం కాక కండ్లు మూసుకుంటి" అంది జాహ్నవి.

అందరూ నవ్వారు. గోవిందమ్మ హారతి ఆపించి, అమ్మవారి పటం ముందు నిలబడి సరళ సంగతంతా చెప్పింది, ఆ గుటక దాకా. ఎవరూ నవ్వలేదు. జనార్దనే క్యాను ఎత్తుకుపోయి వేరే గదిలో పెట్టాడు. జాహ్నవి అక్కడికే వెళ్లి, బొమ్మ జోలికి పోకుండా క్యాను ముందు నేల మీద కుంకుమ పెట్టింది.

"క్యానుకి బొట్టు పెట్టకుంటే అమ్మవారికి కోపం రాదా పెద్దమ్మా?"

"ఆయమ్మ దగ్గిర సరళ ఉండాదిలే. చెప్పుకుంటాది."

ఇప్పుడు దప్పికైతే జాహ్నవి చెంబెత్తే ముందు ఒక్క క్షణం ఆగుతుంది.

"యాడ పట్టినావు?"

"కొళాయిలో, పెద్దమ్మా."

గోవిందమ్మ ముఖం తిప్పుకోదు. గుటక దిగేదాకా చూస్తుంది.