బ్లాక్‌లో మిగిలిన సగం

2023 వానాకాలం. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి పాథాలజీ ల్యాబ్. నేను టెక్నీషియన్‌గా చేరి అప్పటికి పదకొండేళ్లు. చెయ్యి తిరిగినదాన్నని కొంచెం పొగరు కూడా ఉండేది.

కాశిబుగ్గ నుంచి స్వరూప అనే అమ్మాయి ఫార్మలిన్ సీసా తెచ్చింది. వాళ్లమ్మ కొమురమ్మ ఊపిరితిత్తిలోంచి సూదితో తీసిన బయాప్సీ ముక్క అందులో దారపు పోగంత ఉంది. కొమురమ్మ మగ్గానికి కండెలు చుట్టే మనిషి, బీడీ వాసనే గిట్టదు. అందుకే ఆరు నెలలు దగ్గుతున్నా క్యాన్సరేమోనని ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

"అక్కా, జర పైలం. మొన్న సూది పెట్టినంక ఊపిరాడక మస్తు గోసైంది. మళ్ల సూదంటే సచ్చినా రానంటాంది మా అమ్మ" అంది స్వరూప.

"ఫికర్ చెయ్యకు, నేను లేనా?" అన్నాను.

ముక్కను మైనంలో పెట్టి గట్టిపరుస్తాం. దాన్ని బ్లాక్ అంటాం. మైక్రోటోమ్ అనే యంత్రం చక్రం తిప్పుతుంటే బ్లాక్ సన్నటి పొరలుగా తెగుతుంది. పెద్ద ముక్కలైతే, మొత్తం కనబడేదాకా పైపొరలు చెక్కి పారేస్తాం. అది ట్రిమ్మింగ్. సూది ముక్కకు మాత్రం మొదటి పొర నుంచీ దాచుకోవాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, సూది ముక్క అని రాసున్న ఫారం చదవకుండా, అలవాటు కొద్దీ చక్రం తిప్పేశాను. ఆగి చూస్తే ముక్క సగమే మిగిలింది. చక్రం మీది చెయ్యి తీసేశాను.

మొదటి స్లైడ్ చూసి మా పాథాలజిస్ట్ మేడం "నాన్ స్మాల్ సెల్" అన్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్లు ఎక్కువగా ఆ పేరు కిందికే వస్తాయి. అందులో మళ్లీ రకాలున్నాయి. ఏ రకమో పొరకో స్టెయిన్, అంటే రంగు, వేసి తేల్చాలి. తర్వాత జన్యువులో మార్పు ఉందేమో చూడడానికి హైదరాబాద్ పంపాలి. మార్పు ఉంటే మాత్రలతో అదుపు చేసే దారి ఉంటుంది. అన్నిటికీ ఆ మిగిలిన సగమే ఆధారం.

"ముక్క చాలలేదు" అని రిపోర్టు వస్తే నన్నెవరూ అడగరు. సూది ముక్కలు చాలకపోవడం మామూలే. నోరు మూసుకుంటే గడిచిపోయేది. చివరికి ఆ మధ్యాహ్నం మేడం దగ్గరికి వెళ్లి చెప్పేశాను.

మేడం బ్లాక్ తెప్పించుకుని చూశారు. తర్వాత, "ఐదు స్టెయిన్లు వేద్దామనుకున్న. రెండిటితోనే సరిపెడదాం. మిగిలింది హైదరాబాద్‌కు, ముట్టకు" అన్నారు. నేను చెప్పకపోయుంటే ఆ ఐదు స్టెయిన్లకే ముక్క అయిపోయేది.

పది రోజులు ఫోన్ మోగితే చాలు, హైదరాబాద్ నుంచేమోనని పరుగెత్తేదాన్ని. స్వరూప రెండుసార్లు వచ్చి "ఏమన్న తెలిసిందా అక్కా?" అని అడిగింది. ఇంకా రాలేదని చెప్పి పనిలో తల దూర్చాను.

రిపోర్టు వచ్చింది. ముక్క చాలింది, జన్యువులో మార్పు ఉంది. మాత్రలు మొదలుపెట్టారు. జబ్బు పూర్తిగా పోదని, కొంతకాలం అదుపులో ఉండొచ్చని డాక్టరు చెప్పారట.

మూడు నెలలకు కొమురమ్మ రక్తపరీక్షకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నా ముక్క కోసింది నువ్వేనట. నీ చెయ్యి సల్లగుండ బిడ్డా!"

సగం నేనే చెక్కి పారేశానని చెబుదామనుకున్నాను. అది చెప్పకుండా, రక్తం తీసే గదికి దారి చూపించాను.

ఇప్పుడు ఫారం చదవనిదే చక్రం ముట్టను. అయినా భయం పోలేదు. చాలలేదని వచ్చుంటే కొమురమ్మ నన్ను తిట్టేది కాదు, తన తలరాత అనుకునేది. అంతకుముందు కూడా నేను కోసినవాటిలో చాలలేదని వెనక్కి వచ్చిన బ్లాకులున్నాయి. ముక్కలే చిన్నవని అప్పుడు ఊరుకున్నాను.