రెండో ఆదివారం శాలువా

చిత్తూరులో నలుగురు చేరి సభ పెట్టారంటే ఎవరో ఒకరికి శాలువా కప్పకుండా ఇళ్ళకు పోరు. రిటైరైనాయనకు కప్పుతారు, రిటైరు కాబోయే ఆయనకు కప్పుతారు, ఎవరూ దొరక్కపోతే పోయిన నెల కప్పించుకున్నాయనకే ఇంకొకటి కప్పుతారు. ఈ మర్యాద వల్ల ఎవరికైనా నష్టం జరిగిందని ప్రసన్నకుమారి ఎన్నడూ వినలేదు. బెల్లం మండీ వర్తకులు ఆమె మామగారికి కప్పిన శాలువాలు రెండు ఆమె బీరువాలోనే ఉన్నాయి.

మామగారి మండీ ఇప్పుడు భర్త గిరిప్రసాద్ చూసుకుంటున్నాడు. పొద్దున ఆరింటికి పోతే రాత్రి భోజనానికే ఇల్లు చేరతాడు. ఇంట్లో మిగిలేది ప్రసన్నకుమారి, కూతురు మహిత. మహితకు పద్నాలుగేళ్ళు. మాట తక్కువ, ఎవరి కళ్ళలోకీ చూడదు. కుక్కరు కూత పెడితే చెవులు మూసుకుని మంచం కింద దూరుతుంది. ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేశారా, పెనం తగిలినట్టు ఎగిరిపడుతుంది. కన్నతల్లి కూడా తల దువ్వాలంటే ముందు దువ్వెన చూపించి, పది లెక్కపెట్టి, అప్పుడు మొదలుపెట్టాలి. బడివాళ్ళు రెండేళ్ళకే చేతులెత్తేశారు. వేలూరులో ఒక డాక్టరు ఆటిజం అని కాగితం మీద రాసిచ్చాడు. గిరిప్రసాద్ ఆ కాగితాన్ని మడిచి శాలువాల కింద పెట్టి, "ఈ మాట బయట అనొద్దు" అన్నాడు. ఆమె ఎనిమిదేళ్ళు అనలేదు. పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది, పేరంటాలకు పోవడం మానేసింది, పుట్టింటికి కూడా రెండేళ్ళకోసారి పోయివస్తే ఎక్కువ.

మానకుండా మిగిలింది ఒక్క పుస్తకమే. తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైన గోవిందయ్య సార్ మిద్దె మీది గదిలో నెలనెలా రెండో ఆదివారం పదింటికి ఆరుగురు చేరి ఒక పుస్తకం గురించి మాట్లాడుకునేవారు. పుస్తకం ఒకటే కొంటారు. అది ఇల్లిల్లూ తిరుగుతుంది, ఇంటికి నాలుగు రోజులు. నచ్చిన చోట పెన్సిలుతో గీత గీసి పక్కన పొడి అక్షరాలు వేయాలి. ప్రసన్నకుమారి వంతు ఎప్పుడూ చివరిది. అందరి గీతలూ చదివినట్టుంటుందని ఆమే అడిగి పెట్టించుకుంది.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం, పిల్లను కనిపెట్టుకుని ఉండే తాయమ్మకు జ్వరం వచ్చి, మహితను కూడా వెంటబెట్టుకుని పోవాల్సి వచ్చింది. ప్రాణం అరచేతిలో పెట్టుకునే పోయింది. ఆ గది మూలలో నడుమెత్తు పాత పేపర్ల గుట్ట ఉంది. మహిత నేరుగా పోయి దాని ముందు కూర్చుని, ఒక్కొక్క పేపరూ తీసి తేదీల ప్రకారం పేర్చడం మొదలుపెట్టింది. రెండు గంటలు కిక్కురుమనలేదు. ప్రసన్నకుమారి ఆ రెండు గంటలూ మనుషుల్లో మనిషిగా కూర్చుంది.

ఇక అప్పటినుంచి రెండో ఆదివారం వచ్చిందంటే తొమ్మిదింటికల్లా మహిత రెండు జతల చెప్పులు తెచ్చి గడప దగ్గర పెట్టి నిలబడేది. రోజూ పొద్దున క్యాలెండరు కాగితం చింపేదీ ఆ పిల్లే, కాబట్టి మరిచిపోవడం అనేది లేదు. కాస్త ఆలస్యమైతే తలుపుకేసి నుదురు కొట్టుకునేది. అక్కడికి పోతే మాత్రం ఎవరూ ఆ పిల్లను పలకరించరు. "సిగ్గరి పిల్ల" అనుకుని వదిలేశారు. అలా వదిలేసినందుకు ప్రసన్నకుమారి వాళ్ళకు మనసులో రోజూ దణ్ణం పెట్టుకునేది.

రెండువేల ఆరులో, ఎండాకాలం చివర, ఆ నవల వచ్చింది. ఎవరో విదేశీ రచయిత రాసిందానికి తెలుగు అనువాదం. పదిహేనేళ్ళ పిల్లవాడు తన కథ తానే చెబుతాడు. వాడికీ ఆటిజమే. అయిదిళ్ళు తిరిగి ప్రసన్నకుమారి చేతికొచ్చేసరికి పుస్తకం నిండా గీతలే. నలభై ఏడో పేజీలో అయితే ఒకే వాక్యం కింద అయిదుగురూ గీశారు. "నన్ను ముట్టుకుంటే నాకు నొప్పి పుడుతుంది, ప్రేమగా ముట్టుకున్నా అంతే నొప్పి పుడుతుంది." పక్కన పొడి అక్షరాలన్నీ వరసగా ఉన్నాయి. రిటైరైన హెడ్మిస్ట్రెస్ చంద్రకాంతమ్మ "కళ్ళు చెమర్చాయి" అని కూడా రాసింది.

ప్రసన్నకుమారి ఆ పేజీ దగ్గరే ఆగిపోయింది. ఎన్నేళ్ళనుంచో పిల్ల తనను తోసేస్తుంటే తన ముద్దులో ఏదో దోషం ఉందనుకుంది. కాదట. నొప్పట. వంటింట్లో పీట మీద కూర్చుని కడుపారా ఏడ్చింది. ఆ వాక్యం కింద తన గీత మాత్రం గీయలేదు.

జూలై సభలో హోమియో మందులిచ్చే దేవరాజులు మొదలుపెట్టాడు. "కత బాగుండాది గానీ, ఇట్లాంటి పిల్లోళ్ళు మన పక్క యాడుండారప్పా? అంతా పైదేశాల సంగతి."

"ముప్పై ఏండ్లు బడిలో ఉండినాను, ఒక్కర్ని గూడా సూడలేదు" అంది చంద్రకాంతమ్మ.

ఎట్లా చూస్తుంది? బడివాళ్ళు వాకిట్లోంచే తిప్పి పంపిస్తే పాఠం చెప్పే గదిదాకా ఎట్లా వస్తారు? ప్రసన్నకుమారికి ఒళ్ళు మండింది. ఆరడుగుల దూరంలో మహిత మార్చి నెల పేపర్లు సర్దుతోంది. ఎనిమిదేళ్ళు అదిమిపెట్టిన మాట నోరు జారింది.

"మా మహిత ఇట్లనే సార్."

అయిదు తలలూ ఒక్కసారి ఆ మూలకు తిరిగాయి. మూడేళ్ళలో వాళ్ళు ఆ పిల్లను చూడడం అదే మొదలు. ఆ చూపుల్లో జాలి ఉంది, ప్రేమ ఉంది, భక్తి కూడా ఉంది. అన్న మాట వెనక్కి తీసుకునే ఉపాయం ఉంటే ఎంత బాగుండు.

ఆగస్టు మొదటి వారంలో ఆహ్వానపత్రిక వచ్చింది. చిరంజీవి మహితకు ఆత్మీయ సత్కారం, పదమూడో తేదీ ఆదివారం. ఆ సాయంత్రమే ఆమె గోవిందయ్య సార్ ఇంటికి పరిగెత్తింది.

"శాలువా వద్దు సార్. పాపను ముట్టుకుంటే ఓర్చుకోలేదు."

"తెలుసమ్మా, నలభై ఏడో పేజీ" అన్నాడు ఆయన, ఎంతో మెత్తగా. "మెల్లగా కప్పుతాం. ఇన్నేండ్లు మన మధ్యనే ఉంటే ఎవురమూ గుర్తించలేకపోతిమి. ఆ తప్పు దిద్దుకోనీమ్మా. ఫోటో తీసేదానికి పేపరాయన గూడా వస్తాడు."

ఆయన కళ్ళలో నీళ్ళు. అంత మంచి మనిషికి ఇంకేం చెబుతుంది? వట్టి చేతులతో ఇంటికొచ్చింది.

గిరిప్రసాద్ పత్రిక చూసి అగ్గయినాడు. "ఎవురు చెప్పమన్నారు నిన్ను?"

ఆమె కంచంలో అన్నం వడ్డించింది.

"పోకుండా ఉండిపో ఈ తూరి."

"పోకుంటే నీ కూతురు తలుపుకు తల బద్దలు కొట్టుకుంటాది. రేపు ఆదివారం మండీ మూసి నువ్వు పట్టుకుంటావా?"

ఆయన పత్రికను మడిచి పక్కన పడేశాడు. అన్నం ముందు కూర్చున్నాడు గానీ తినలేదు.

పదమూడో తేదీ తొమ్మిదింటికి మహిత చెప్పులు తెచ్చి పెట్టింది. పిల్ల పక్కనే నిలబడాలి, ఎవరు దగ్గరికొచ్చినా తాను అడ్డుపడాలి. ప్రసన్నకుమారి వేసుకున్న ఎత్తు అంతవరకే.

మిద్దె మీద ముప్పైమంది ఉన్నారు. మూలలో పేపర్ల గుట్ట లేదు. గది శుభ్రంగా ఉండాలని మేడ కిందికి దించేశారట. ఆ ఖాళీ మూలను చూసి మహిత అక్కడే నిలబడిపోయింది. వేళ్ళు ఆడించడం మొదలుపెట్టింది. వెనక్కి మళ్ళుదామంటే మెట్ల నిండా జనం.

"ముందుగా ఆ తల్లికి" అన్నాడు గోవిందయ్య సార్.

ఇది ఆమె ఎత్తులో లేదు. భుజాల మీద శాలువా పడింది, మెడలో దండ పడింది, ఒక చేతిలో పండ్ల తట్ట, ఇంకో చేతిలో జ్ఞాపిక పెట్టారు. పేపరాయన ఇటు చూడమన్నాడు. ఆ ఒక్క నిమిషంలో చంద్రకాంతమ్మ ఒక కొసా దేవరాజులు ఒక కొసా పట్టుకుని, నిజంగానే ఎంతో మెల్లగా, మహితకు వెనకనుంచి శాలువా కప్పి దగ్గరికి తీసుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ కేక వీధి చివరిదాకా వినిపించింది. మహిత తన ముంజేతిని తానే కొరుక్కుంది. నెత్తురు వచ్చింది. ప్రసన్నకుమారి తట్ట పారేసి వెళ్ళేసరికి పిల్ల నేలమీద పడి గోడకేసి తల కొట్టుకుంటోంది. అమ్మ ముట్టుకోకూడదు, ముట్టుకోకపోతే ఆగదు. గోడకూ తలకూ మధ్య తన అరచేయి పెట్టి కూర్చుంది, అంతకన్నా ఏమీ చేతకాక. దెబ్బలన్నీ చేతిమీద పడ్డాయి. గదిలో ఎవరూ కదల్లేదు. దేవరాజులు పక్కాయనతో అన్న మాట ఆమెకు స్పష్టంగా వినబడింది.

"అచ్చం పుస్తకంలో మాదిరే."

వెటకారం కాదు, పాపం, నిజమైన ఆశ్చర్యమే.

మూడు రోజుల తర్వాత గోవిందయ్య సారే ఆమె ఇంటికొచ్చాడు. సంచిలో మహిత శాలువా ఉంది. గడప లోపలికి రాలేకపోయాడు.

"అందరం సదివినామమ్మా. గీతలు గూడా గీసినాం" అన్నాడు. "పేపర్లు మళ్ళా పైకి తెచ్చి పెట్టించినాను. పాపను తీసుకురామ్మా."

ఆమె తలూపి శాలువా తీసుకుంది. బీరువాలో మామగారివి రెండు, తనది ఒకటి, వాటి మీద ఇది. అడుగున డాక్టరు కాగితం.

సెప్టెంబరు పదో తేదీ రెండో ఆదివారం. తొమ్మిదైనా మహిత గదిలోంచి రాలేదు. ఆశ చావక ప్రసన్నకుమారే రెండు జతల చెప్పులు తెచ్చి గడప దగ్గర పెట్టింది. మహిత వచ్చింది. చెప్పులు చూసింది. వంగి రెండు జతలూ ఎత్తుకుపోయి, వాటి చోట వాటిని సర్ది, మళ్ళీ గదిలోకి పోయింది. అప్పుడు ప్రసన్నకుమారి గోడవైపు చూసింది. క్యాలెండరు మీద ఇంకా శనివారమే ఉంది. ఆ కాగితం తాను చింపుదామని చెయ్యి చాచింది గానీ ధైర్యం చాలలేదు. రోజంతా ఆ ఇంట్లో శనివారమే నడిచింది.

సోమవారం పొద్దున మహిత లేచి, రెండు కాగితాలు కలిపి ఒక్కసారే చింపింది.