నర్సమ్మ పంచిన దోమతెరలు

మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సమ్మ పోయారని మొన్న పొద్దున బషీరాబాద్ ఆటో నడిపేవాడు చెప్పాడు. గుండెపోటట. గంట గడవకముందే మా వీధి ఆమెను దేవతను చేసేసింది. బతికుండగా ఆమె గుమ్మంలో నిలబడితే తలుపు సగమే తెరిచిన జనం వీళ్లు. వీళ్ల ఏడుపులు వింటే నాకు ఒళ్లు మండింది.

మందు పట్టించిన దోమతెరలు ఆమె స్వయంగా మోసుకొచ్చి ఇంటింటికీ ఇచ్చారు. మా ఘనులు వాటినేం చేశారో చెబితే మీరు నమ్మరు. ఒకాయన కాకరపాదు చుట్టూ కట్టాడు. ఒకావిడ కోడిపిల్లల గంప మీద కప్పింది. నర్సమ్మ ఆ గంప ముందు నిలబడి, "కోళ్లకు కాదమ్మా, పోరగాండ్లకు కట్టు" అన్నారు. ఆవిడ పక్కున నవ్వింది.

నేనూ తక్కువేం తినలేదు. మాది కిరాణా కొట్టు నడిపే ఇల్లు. మా ఆచారం ప్రకారం కొత్తగుడ్డ ఏదైనా తడపనిదే పక్కమీదికి రానివ్వం. తెరకు పసుపు బొట్టు పెట్టి, మందు వాసన పోవాలని వేడినీళ్లలో బట్టల సోడా వేసి నానబెట్టాను. నాపరాళ్ల గోడమీద మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేశాను. వాసన పోయింది. దాంతోపాటు మందూ పోతుందని నా మట్టిబుర్రకు తట్టలేదు.

ఆ వానాకాలం ఆరేళ్ల మా పాపకు చలిజ్వరం వచ్చింది. నర్సమ్మ పాప వేలి నుంచి రక్తపుచుక్క తీసి చూసి, మలేరియా అన్నారు. పాపను ఒళ్లో పెట్టుకుని మాతో ఆటోలో తాండూరు ఆసుపత్రి దాకా వచ్చారు.

"ఇంకొక్క దినమైతే పిల్ల దక్కకపోతుండె" అన్నాడు అక్కడి డాక్టరు.

పాప తేరుకున్నాక నర్సమ్మ ఇంటికొచ్చి మా తెర అంచు పట్టుకుని వాసన చూశారు.

"సోడల నానేసినవా బిడ్డా? గా మందే దోమలను సంపేది."

వేరే తెర తెచ్చి చెప్పారు. "మొదలు ఒక దినం నీడకు ఆరనియ్యి. మాసినప్పుడు సల్లనీళ్లు, మామూలు సబ్బు. ఎండల ఎయ్యకు." మర్నాడు మళ్లీ వచ్చి తానే కట్టి, అంచులు పరుపు కిందికి దోపి వెళ్లారు. నాలుగు తిట్టినా బాగుండేది. నా బిడ్డ ఇవాళ బడికి పోతోందంటే ఆమె చలవే.

మొన్న చివరిచూపుకు ఆమెను వాళ్ల ఇంటిముందు పడుకోబెట్టారు. ఈగలు ముసురుతున్నాయి. "జర ఏమన్న కప్పుండ్రి" అన్నారెవరో. ఎదురింటి పెద్దమనిషి గబగబా పోయి, ఏనాడో ఆమె చేతుల మీదుగా తీసుకున్న దోమతెర తెచ్చాడు. అందరి ముందే దాని కవరు చింపాడు. నర్సమ్మ ముఖం మీద పరిచిన ఆ తెరలో మడతల గీతలు ఒక్కటీ చెదరలేదు.